బెల్లు మోగని చోట

తెల్లవారుజామున అయిదు గంటలు. విజయవాడ చుట్టుపక్కల పోరంకి, ఈడుపుగల్లు, గోసాల, గూడవల్లి, నిడమానూరు... ఎటు వెళ్లినా ఇంటర్మీడియట్ హాస్టళ్లే. అన్నింట్లోనూ ఇంచుమించు ఒకే వేళకి బెల్లు మోగుతుంది. కళ్లు నులుముకుంటూ లేవాలి. బకెట్ పట్టుకుని బాత్‌రూమ్ ముందు వరసలో నిలబడాలి. ఆరయ్యేసరికి పుస్తకం ముందు కూర్చోవాలి. స్టడీ అవరు, టిఫిను, క్లాసు, భోజనం, మళ్లీ క్లాసు, మళ్లీ స్టడీ అవరు. రాత్రి పదింటికో పదిన్నరకో లైట్లు ఆర్పేదాకా అదే వరస. అలా రెండేళ్లు.

ఆ రెండేళ్లూ గట్టెక్కి ఇంజినీరింగ్‌లో చేరిన కుర్రాణ్ని ఓసారి చూడండి. గదిలో ముగ్గురుంటారు. టైమ్‌టేబుల్ ఉంది, పుస్తకాలున్నాయి, కావలసినంత తీరిక ఉంది. బెల్లు మాత్రం లేదు. మొదటివారం అలవాటు కొద్దీ అయిదింటికే మెలకువ వచ్చేస్తుంది. రెండోవారం ఏడవుతుంది. సంక్రాంతి సెలవులొచ్చే నాటికి ఎనిమిదిన్నరకు లేచి, టిఫిను మానేసి, తొమ్మిదిన్నర క్లాసుకు తొమ్మిదీ నలభైకి పరుగెత్తే స్థితికి వస్తాడు. మొదటి సెమిస్టర్ ఫలితాల్లో గణితం పోతుంది. ఇంటర్లో మార్కులు కుప్పలుగా తెచ్చిపెట్టిన గణితమే!

ఇంట్లో తల్లికి అంతుపట్టదు. ‘అలా చదివినవాడికి ఏమైంది?’ అని తనలో తనే బాధపడుతుంది. స్నేహాలంటారు కొందరు, సెల్‌ఫోనంటారు కొందరు. సరే, ఎలాగో సప్లిమెంటరీలు రాసి బయటపడి, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగంలో చేరతాడు. చిత్రమేమిటంటే కంపెనీ క్యాబు ఆరున్నరకు వస్తుందంటే ఆరుంబావుకే వీధి చివర నిలబడి ఉంటాడు. చెప్పిన పని చెప్పిన రోజుకి చేస్తాడు. పండక్కి ఊరొచ్చినా ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంటాడు. ‘వీడు మనవాడేనా?’ అనిపిస్తుంది అమ్మానాన్నలకి.

‘జీతం పుచ్చుకుంటున్నాడుగా, భయమూ భక్తీ అవే వస్తాయి’ అని బాబాయిలు తేల్చేస్తారు. తేలిగ్గా ఒప్పుకోదగ్గ మాటే. కానీ కాస్త నిలబడి చూస్తే అది అంత తిన్నగా కనిపించదు.

కట్టు విప్పిన చెయ్యి

కృష్ణా డెల్టాలో వరి తర్వాత అంతటి పంట చదువే. కాటన్ దొర కాలంలో, 1855 నాటికి, బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాలువల కింద పండిన ధాన్యం డబ్బు మొదట రైసుమిల్లుల్లోకి, సినిమాల్లోకి, రవాణాలోకి వెళ్లింది. ఆ తర్వాత కళాశాలల వైపు మళ్లింది. కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల 1977లో మొదలైంది. డాక్టర్ బి.ఎస్.రావు 1986లో విజయవాడలో అమ్మాయిల జూనియర్ కళాశాలతో శ్రీచైతన్యకు శ్రీకారం చుట్టారు. ఎంట్రన్సుల కోసమే నడిచే రెసిడెన్షియల్ చదువు ఊపందుకుంది. చూస్తుండగానే ‘కార్పొరేట్ కాలేజీ’ అనే మాట ఇంటింటి మాటైపోయింది.

ఆ పద్ధతిలో గొప్పతనం ఏమీ లేదని కొట్టిపారేయడం అన్యాయం. ఏ రోజు ఏ పాఠం, ఏ గంటలో ఎన్ని లెక్కలు అన్నది ముందే రాసిపెట్టి ఉంటుంది. వారం తిరిగేసరికి పరీక్ష. మర్నాటికి నోటీసుబోర్డు మీద ర్యాంకులు. మార్కులు తగ్గితే సెక్షన్ మారిపోతుంది. ఇంగ్లిషు ముక్క రాని పల్లెటూరి రైతుల పిల్లలు సైతం ఈ దారినే పెద్ద పెద్ద సంస్థల్లో సీట్లు తెచ్చుకున్నారు. అయితే అక్కడ పిల్లవాడు తనంతట తాను నిర్ణయించుకునేది దాదాపు ఏమీ ఉండదు. ఏం చదవాలి, ఎప్పుడు చదవాలి, ఎప్పుడు ఆపాలి... అన్నీ ఇంకొకరివే. ఆఖరికి స్నానానికి ఎన్ని నిమిషాలన్నది కూడా. దాన్ని క్రమశిక్షణ అనొచ్చు. స్వయం క్రమశిక్షణ అనడానికి మాత్రం లేదు. విరిగిన చేతికి పిండికట్టు వేస్తే ఎముక నిలుస్తుంది. కట్టు విప్పేసరికి చెయ్యి సన్నబడి, గ్లాసెత్తాలన్నా వణుకుతుంది. మొదటి ఏడాది బీటెక్ కుర్రాడి పరిస్థితి అచ్చం అదే.

ఈ ఒరవడిలో నలిగిపోయిన పిల్లల కథ వేరే ఉంది. విద్యార్థుల ఆత్మహత్యల మీద అప్పటి ప్రభుత్వం 2001లోనే ప్రొఫెసర్ నీరదారెడ్డి కమిటీని వేసింది. ఆ తర్వాత కూడా కమిటీలు వచ్చాయి, ఉత్తర్వులు వచ్చాయి. బెల్లు టైము మాత్రం పెద్దగా మారలేదు.

ఎవరూ ఎదురుచూడని రికార్డు

ఇక ఇంజినీరింగ్ సంగతి. కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోని కళాశాలల్లో నిబంధన తెలిసిందే. హాజరు 75 శాతం ఉండాలి. తగిన కారణం చూపితే 65 దాకా మన్నింపు. సెమిస్టర్‌కి రెండు మిడ్‌లు, చివర్లో పెద్ద పరీక్ష. మధ్యలో మిగిలిందంతా ఖాళీ మైదానం. ఆ మైదానంలో ఎటు నడవాలో, ఎంత నడవాలో ఎవరూ చెప్పరు.

సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత 1955లో ఎకనమిస్ట్ పత్రికలో ఓ వ్యాసం రాశాడు. తీరిక ఉన్న పెద్దావిడ మేనకోడలికి ఒక్క కార్డుముక్క రాయడానికి రోజంతా తీసుకుంటుందట. కళ్లజోడు వెతుక్కోవడానికి ఓ గంట, చిరునామా కోసం ఇంకో అరగంట. ఎంత సమయం ఉంటే పని అంతా పాకుతుందన్నది ఆయన సూత్రం. అయిదు నెలల సెమిస్టర్‌కి దీన్ని అన్వయించి చూడండి. అయిదు నెలల చదువు పరీక్ష ముందు రాత్రి ఆల్-ఇన్-వన్ పుస్తకంలోకి, టీ ఫ్లాస్కులోకి కుదించుకుపోవడం ప్రతి హాస్టల్లోనూ కనబడేదే.

దీన్ని బద్ధకం అనేస్తే సరిపోదు. లాబ్ రికార్డు సంగతి తీసుకోండి. ముందటేడు సీనియర్ రాసినదాన్ని చూసి ఈ ఏడు జూనియర్ రాస్తాడు. సంతకం పెట్టేవారు పేజీలు తిప్పుతారు గానీ చదవరు. అసైన్‌మెంటూ అంతే. తాను రాసింది ఎవరికీ అవసరం లేదని, రాయకపోయినా ఎవరి పనీ ఆగదని కుర్రాడికి మొదటి సెమిస్టర్‌లోనే అర్థమైపోతుంది. చదువుకోకపోతే నష్టం తనకేనన్నది నిజమే. కానీ ఆ నష్టం నాలుగేళ్ల అవతల ఎక్కడో ఉంది. పద్దెనిమిదేళ్ల వయసుకి నాలుగేళ్లంటే వచ్చే జన్మ కింద లెక్క.

ఒకే ఇల్లు, రెండు గదులు

ఉద్యోగానికీ చదువుకీ తేడా ఏమిటో 2020 అందరి ఇళ్లల్లోనూ ప్రయోగం చేసి మరీ చూపించింది. మార్చిలో లాక్‌డౌన్ రాగానే బెంగళూరు, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు గుడివాడ, పామర్రు, ఉయ్యూరు, అవనిగడ్డ దారి పట్టారు. కళాశాలలు మూతపడి తమ్ముళ్లూ చెల్లెళ్లూ కూడా ఇంటికే చేరారు. ముందుగదిలో అన్న ఆఫీసు, వెనకగదిలో తమ్ముడి ఆన్‌లైన్ క్లాసు. అదే ఇల్లు, అదే నెట్టు, అదే అమ్మచేతి టిఫిను. పై అధికారి పక్కన లేడు, లెక్చరరూ పక్కన లేడు.

తమ్ముడు క్లాసులోకి లాగినై, మైకు మ్యూట్‌లో పెట్టి, కెమెరా ఆపేసి, దుప్పటి ముసుగేసేవాడు. హాజరు పడేది. అన్నకీ దుప్పటి ఉంది. కానీ తొమ్మిదిన్నరకు పదిమంది కలిసే చిన్న మీటింగ్ ఉండేది. అందులో నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఎక్కడ ఆగింది అన్నవి మూడే ప్రశ్నలు. అతని కోడు అందితే తప్ప పుణెలో ఉన్న ఇంకొకరు పని మొదలెట్టలేరు. ‘బ్రదర్, అయ్యిందా?’ అని మధ్యాహ్నానికల్లా మెసేజ్ వచ్చేది. కరెంటు పోతే అన్న ఫోను హాట్‌స్పాట్ పెట్టుకుని డాబా ఎక్కేవాడు. తమ్ముడు ‘హమ్మయ్య’ అని అటు తిరిగి పడుకునేవాడు.

ఇద్దరూ ఒక తల్లి పిల్లలే, ఒకే పెంపకం. అన్న మూడేళ్ల క్రితం ఇలాగే పడుకున్నవాడే.

ఉప రిజిస్ట్రారు కుర్చీ

అయినా అన్నకి జీతం ఉందిగా అంటారా? జీతం నెలకోసారి వస్తుంది. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి నిద్ర ఆపుకుని పనిచేసినా, చేయకపోయినా ఒకటో తారీఖున పడే మొత్తం అదే. జీతమే మనిషిని కదిలించేదైతే మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఫైళ్ల మీద దుమ్ము ఉండకూడదు.

ఈ జిల్లా ఎన్నటికీ మర్చిపోని మనిషి జీవితమే ఇందుకు సాక్ష్యం. 1923లో నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావు విజయవాడ ఎస్ఆర్ఆర్ అండ్ సీవీఆర్ కళాశాలలో, తర్వాత గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివారు. కుటుంబం ఇబ్బందుల్లో ఉన్న ఆ చదువుకునే రోజుల్లోనే సైకిల్ మీద విజయవాడ హోటళ్లకు పాలు పోసేవారు. పాలవాడికి బద్ధకించే వీలుండదు. ఆయన రాకపోతే హోటల్లో కాఫీ లేదు. 1947లో మద్రాసు సర్వీస్ కమిషన్ ద్వారా ప్రత్తిపాడులో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం వచ్చింది. ఆ రోజుల్లో అది పిల్లనిచ్చేవారు వెతుక్కుంటూ వచ్చే కొలువు. మూడు వారాలు తిరక్కుండానే వదిలేశారు. 1949లో ‘మనదేశం’తో తెర మీద కనిపించిన తర్వాత, తెల్లవారకముందే లేచి సిద్ధమయ్యే ఆయన అలవాటు గురించి సినిమావాళ్లు కథలుగా చెప్పుకున్నారు. పాలకు డబ్బులొచ్చాయి, సినిమాకి డబ్బులొచ్చాయి, రిజిస్ట్రారు కుర్చీకీ డబ్బులొచ్చాయి. మూడింట్లో ఒక్కటే ఆయన్ని కట్టిపడేయలేకపోయింది.

డబ్బుకి ఇంకో గుణం కూడా ఉంది. ఎడ్వర్డ్ డెసీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో ఓ ప్రయోగం ఫలితాలు ప్రచురించాడు. కళాశాల విద్యార్థులకు చెక్కముక్కలతో ఆకారాలు పేర్చే పజిళ్లు ఇచ్చాడు. కొందరికి ఒక్కో పజిల్‌కీ ఒక డాలరు ఇచ్చి, తర్వాత ఆపేశాడు. మధ్యలో దొరికిన ఖాళీ సమయంలో ఎవరెంతసేపు సరదాగా వాటితో కూర్చుంటారో గమనించాడు. డాలర్లు ఆగగానే ఆ పిల్లలకు పజిళ్ల మీద ఆసక్తి తగ్గింది. మంచి ర్యాంకొస్తే బైకు కొనిపెడతానని మాటిచ్చే తండ్రులు ఈ పజిళ్ల కథ ఒకసారి తెలుసుకోవాలి. బైకు వచ్చిన తర్వాత పుస్తకం ఎందుకు తెరవాలన్నది కుర్రాడి దృష్టిలో న్యాయమైన ప్రశ్నే.

ఇంకో ప్రయోగం కూడా చెప్పుకోదగ్గదే. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో పూర్వ విద్యార్థులకు ఫోన్లు చేసి ఉపకార వేతనాల కోసం చందాలు అడిగే ఉద్యోగులు ఉండేవారు. విసుగు పుట్టించే పని, పెద్దగా జీతమూ లేదు. ఆడమ్ గ్రాంట్, ఆయన సహచరులు 2007లో వెలువరించిన అధ్యయనంలో, ఆ చందాలతో చదువుకుంటున్న ఒక విద్యార్థిని ఈ ఉద్యోగుల్లో కొందరితో అయిదు నిమిషాలు మాట్లాడించారు. అంతే. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ల మీద గడిపే సమయం రెట్టింపు దాటింది, వసూళ్లూ రెట్టింపు దాటాయి. జీతం ఒక్క సెంటు పెరగలేదు. తమ పని ఎవరికి చేరుతోందో ముఖాముఖి కనబడింది.

డెల్టా రైతుకి ఇదేమీ కొత్త సంగతి కాదు. ఆయనకి జీతమిచ్చేవారు లేరు, అటెండెన్స్ వేసేవారూ లేరు. కాలువకి నీళ్లు వదిలారంటే మాత్రం ఇంట్లో నిలవడు. నారు ముదిరితే నాటినా దిగుబడి రాదు. ముఠా వాళ్లు ఈ వారం తప్పితే మరో వారానికి గానీ దొరకరు. తన చేలో నీళ్లు నిలవకట్టుకుంటే దిగువ చేనువాడు గట్టు మీదికి వచ్చి నిలదీస్తాడు. పైనుంచి నీరు, కింద నుంచి పక్కరైతు, చేతిలో నారు. పొద్దున్నే లేపడానికి ఇవి చాలు.

సగం కాలేజీ, సగం కొలువు

చదువూ పనీ ఒకే మనిషిలో ఎలా కలబడతాయో చూడాలంటే గవర్నర్‌పేట, సూర్యారావుపేట ఆడిటర్ల ఆఫీసులకు వెళ్లాలి. అక్కడ ఫైళ్ల దొంతరల మధ్య కనిపించే పాతికేళ్ల లోపు కుర్రాళ్లూ అమ్మాయిలూ చాలామంది సీఏ ఆర్టికల్స్. అంటే విద్యార్థులే. ఆర్టికల్‌షిప్‌ని 2023లో వచ్చిన కొత్త విధానం మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించింది. వీళ్లకొచ్చేది జీతం కాదు, స్టైపెండు. పెట్రోలుకీ టిఫిన్లకీ సరిపోతే గొప్ప.

ప్రతినెలా 20వ తేదీకి జీఎస్టీ రిటర్ను వేయాలి. సెప్టెంబరు 30 వస్తోందంటే టాక్స్ ఆడిట్ రిపోర్టులు. ఆ గడువును ప్రభుత్వం తరచూ పొడిగిస్తుంటుంది, కానీ పొడిగిస్తుందని నమ్మి కూర్చునే ఆడిటరు ఎవరూ ఉండరు. ఆ వారంలో వన్‌టౌన్ బట్టల వ్యాపారి బిల్లులు సంచిలో తెచ్చి పోస్తాడు. ఆటోనగర్ విడిభాగాల షాపాయన లెక్కలు అట్టముక్కల మీద ఉంటాయి. పుట్టినరోజులు మానేసి, రాత్రి పదకొండింటిదాకా కూర్చుని, రూపాయి తేడా లేకుండా తేలుస్తారు ఈ పిల్లలు. ఎవరూ కర్ర పట్టుకుని నిలబడరు. గడువు దాటితే అపరాధ రుసుం కట్టేది ఆ షాపాయన. ఆయన రోజూ ఫోను చేస్తాడు.

మరి అదే అమ్మాయికి ఫైనల్ పరీక్షలకి సెలవు ఇచ్చి ఇంటికి పంపితే? నెలల తరబడి రోజంతా తనదే. పుస్తకాలన్నీ కొత్తవి, రంగురంగుల హైలైటర్లున్నాయి. మొదటి పదిరోజులు టైమ్‌టేబుల్ గీయడంలో గడిచిపోతాయి. రెండో టైమ్‌టేబుల్ మొదటిదానికంటే అందంగా ఉంటుంది. ఊళ్లోవాళ్ల లెక్కలన్నీ గడువులోగా తేల్చిన మనిషి తన చదువు దగ్గరకొచ్చేసరికి తేలిపోతుంది. తెలివి తగ్గలేదు, ఓపికా తగ్గలేదు. ఫోను చేసే షాపాయన లేడు.

దీనికి ఆ పిల్లలే కనిపెట్టుకున్న ఉపాయం ఒకటుంది. ఇద్దరు ముగ్గురు కలిసి చాప్టర్లు పంచుకుంటారు. గురువారం సాయంత్రం ఒకరు మిగతావాళ్లకి చెప్పాలి. చదవకుండా వస్తే ఇద్దరి సాయంత్రం పాడవుతుంది. మొహమాటానికైనా చదువుకొస్తారు. మొహమాటం మన దగ్గర ఎన్నో పనులు చెడగొడుతుంది గానీ, ఇక్కడ మాత్రం వార్డెన్ కన్నా మెరుగ్గా పనిచేస్తుంది.

అలాగని ఉద్యోగంలో చేరగానే మనిషి మారిపోయాడనుకోవడం పొరపాటు. కొత్తగా చేరినవాళ్లకి పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలు ఇచ్చే శిక్షణ ఒకవిధంగా జీతమిచ్చే కాలేజీయే. క్లాసులు, పరీక్షలు అన్నీ ఉంటాయి. మైసూరు ఇన్ఫోసిస్ శిక్షణ కేంద్రంలో మూడు ప్రయత్నాల్లోనూ అంతర్గత పరీక్ష గట్టెక్కని మూడువందల మందికి పైగా ట్రైనీలు 2025 ఫిబ్రవరిలో ఇంటిదారి పట్టాల్సి వచ్చింది. చేతికి జీతం అందుతున్నా చదువు చదువే. అక్కడ వాళ్ల పని కోసం ఎదురుచూసే ఖాతాదారు ఇంకా లేడు. గదిలో ఒక పుస్తకం, ముందొక పరీక్ష తేదీ ఉన్నాయి. బెల్లు వేసేవాడు లేకుండా పుస్తకం ముందు కూర్చోవడం ఎక్కడో ఒకచోట నేర్చుకునే ఉండాలి.

బందరు నుంచి వచ్చిన పాఠం

ఈ ముడి మన పెద్దలకి ఎప్పుడో కనబడింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడు పుస్తకాల చదువుతో పాటు చేతిపనులూ నేర్పాలని పట్టుబట్టారు. కుర్చీ చేస్తే అది నిలబడాలి, ఎవరో ఒకరు దానిమీద కూర్చోవాలి. రికార్డు కాపీ కొట్టినట్టు కుర్చీని కాపీ కొట్టడం కుదరదు.

నూటపదేళ్ల తర్వాత, 2020లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది తర్వాత ఏదైనా ఊళ్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి, ఆ తర్వాత సంస్థల్లో పని. ఆలోచన మంచిదే. అమలులో మన తెలివితేటలు దాన్ని మించాయి. కాలేజీ ఎదుట జిరాక్సు షాపుల్లో ప్రాజెక్టు రిపోర్టులు తయారుగా దొరికే చోట, సర్టిఫికెట్ కోసం సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలున్న చోట, పది నెలలూ మరో లాబ్ రికార్డులా మిగిలిపోతాయి.

ఒక ఊళ్లో ఇంటింటికీ తిరిగి తాగునీటి మీద సర్వే చేసిన కుర్రాడు ఆ కాగితాలు కాలేజీలో అప్పజెప్పి ఊరుకుంటే మార్కులు పడతాయి. కాగితాలు బీరువాలో పడతాయి. అదే ఓ కాపీ తీసి పంచాయతీ కార్యదర్శి చేతిలో పెట్టాడనుకోండి. ఆయన దాన్ని చదివి, ‘బాబూ, చెరువు వీధిలో ఆరిళ్లు వదిలేశావు, కుళాయిల లెక్క కుదరట్లేదు’ అని ఫోను చేస్తే, మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కి ఆ ఊరెళ్లేది ఆ కుర్రాడే. కాలేజీ రిజిస్టర్లో ఆ రోజు అతను ఆబ్సెంటే.